పిల్లల గోప్యతకు చట్టం కట్టే వెల

ఇంటర్ చదివే పదహారేళ్ల కుర్రాడు హాస్టల్ బాత్‌రూమ్‌లో స్నానం చేస్తుండగా వెంటిలేటర్‌లోంచి ఎవరో వీడియో తీశారనుకుందాం. తీసినవాడు అదే హాస్టల్‌లో పనిచేసే పెద్ద వయసు మనిషి. సంగతి తెలిసి తండ్రి పోలీసు స్టేషన్‌కు పరుగెడతాడు. ఆ తర్వాత కేసు ఎటు పోతుందన్నది జరిగిన నేరం కన్నా ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ పడిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఐటీ చట్టంలోని 66ఈ పడితే గరిష్ఠంగా మూడేళ్ల జైలు లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కనీస శిక్షంటూ లేదు, బెయిలు నిందితుడి హక్కు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలోని 11, 12 సెక్షన్లు పడితే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అదే పోక్సోలో 13, 14 సెక్షన్లు పడితే కనీసం అయిదేళ్లు. వీడియో ఒకటే, పిల్లవాడు ఒకడే. శిక్ష మాత్రం స్టేషన్ రైటర్ కలం ఎటు తిరిగితే అటు.

అక్కడ స్నానం చేస్తున్నది అమ్మాయి అయితే భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూసినా, చిత్రీకరించినా మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్లు, రెండోసారికి మూడు నుంచి ఏడేళ్లు. మొదటిసారి నేరం బెయిలబుల్. ఈ సెక్షన్‌లో స్త్రీ అంటే ఏ వయసు ఆడమనిషైనా. అంటే ఆరేళ్ల పాపను చాటుగా తీసినా, ముప్పై ఆరేళ్ల మహిళను తీసినా చట్టం దృష్టిలో తేడా లేదు. అబ్బాయిలకైతే ఈ సెక్షన్ రక్షణే లేదు.

పిల్లల మీద చేయి వేసినవాడి విషయంలో మన చట్టం చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. పిల్లల వయసెంత, చేసినవాడు వాళ్లకు ఏమవుతాడు, ఎవరి నమ్మకాన్ని తాకట్టు పెట్టాడు అన్నీ లెక్క వేస్తుంది. కన్ను వేసినవాడి దగ్గరకు, కెమెరా పెట్టినవాడి దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్కలన్నీ మానేస్తుంది. పిల్లల గోప్యతకు భంగం కలిగించే నేరాల్లో శిక్షలు పెంచాలన్న డిమాండులో అసలు బలం ఇక్కడుంది. అయితే ఎంత పెంచాలి, ఎవరికి పెంచాలి అన్నది చూడకుండా ఆ డిమాండును గుడ్డిగా నెత్తికెత్తుకుంటే నష్టపోయేది మళ్లీ పిల్లలే.

ఈ చట్టాలు పుట్టిన తీరు చూస్తే ఈ అతుకుల బొంత ఎలా తయారైందో తెలుస్తుంది. 2004లో ఢిల్లీలో ఇద్దరు స్కూలు విద్యార్థుల క్లిప్ ఒకటి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకి, చివరికి బాజీ డాట్ కామ్ అనే వేలం సైట్‌లో అమ్మకానికి వచ్చింది. దాన్ని అమ్మకానికి పెట్టిన విద్యార్థినీ, సైట్ నడిపే సంస్థ అధిపతినీ పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా మార్మోగిన ఆ కేసు ప్రధానంగా నడిచింది అశ్లీల వస్తువుల అమ్మకం చుట్టూనే. 2000 నాటి ఐటీ చట్టంలో ఉన్నది 67వ సెక్షన్, అదీ అశ్లీలతకు సంబంధించిందే. ఒక మైనర్ బాలిక బతుకును బజారుకీడ్చారన్న సంగతికి ఆనాడు చట్టంలో చోటే లేదు.

ఆ లోటు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. ముంబయి దాడులు జరిగిన కొద్ది వారాలకే, 2008 డిసెంబరులో, పెద్దగా చర్చ లేకుండా పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించింది. 2009 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణతోనే గోప్యతా భంగానికి 66ఈ, పిల్లలను అసభ్యంగా చూపే సమాచారానికి 67బీ వచ్చాయి. 2012 నవంబరు 14 నుంచి పోక్సో అమలైంది. నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ నివేదిక వెలువడి, 2013లో చాటుగా చూడటం, వెంటాడటం శిక్షాస్మృతిలోకి చేరాయి. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తేల్చినప్పుడు జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన తీర్పులో పిల్లలను ప్రత్యేకంగా ప్రస్తావించారు. పసితనంలో నెట్టింట వదిలిన జాడలు వాళ్లను జీవితాంతం వెంటాడకూడదన్నది ఆయన ఆందోళన. 2019లో పోక్సోకు పదును పెట్టారు. ఒక్కో ఘటన జరిగినప్పుడల్లా ఒక్కో సెక్షన్ వచ్చి చేరింది. అన్నింటినీ ఒకచోట పరిచి, పిల్లల వైపు నుంచి సరిచూసిన సందర్భం మాత్రం రాలేదు.

ఫలితం ఎలా ఉందో పోక్సోలోనే చూడవచ్చు. లైంగిక ఉద్దేశంతో పిల్లల ఒంటిని తాకితే మూడు నుంచి అయిదేళ్లు. తాకినవాడు టీచరో, హాస్టల్ సిబ్బందో, పోలీసో, ఆసుపత్రి ఉద్యోగో, దగ్గరి బంధువో అయితే, లేదా పిల్లల వయసు పన్నెండేళ్ల లోపైతే, శిక్ష అయిదు నుంచి ఏడేళ్లకు పెరుగుతుంది. దీన్ని తీవ్రతరమైన నేరమంటూ 9వ సెక్షన్ ఒక పెద్ద జాబితా ఇస్తుంది. కానీ తాకకుండా వేధించడాన్ని చెప్పే 11వ సెక్షన్‌కు అలాంటి జాబితా లేదు. పిల్లల వెంటపడటం, పదేపదే గమనించడం, ఫోన్‌లో వేధించడం, ఒంటి చిత్రాలు బయటపెడతానని బెదిరించడం అన్నీ ఇందులోకే వస్తాయి. దారిన పోయేవాడు చేసినా, తల్లిదండ్రులు పిల్లలను అప్పగించి వెళ్లిన వార్డెన్ చేసినా అదే మూడేళ్లు.

తెలుగు రాష్ట్రాలకు ఇది సాంకేతికమైన లోపం కాదు. పదో తరగతి అయ్యీ కాగానే పిల్లలను రెసిడెన్షియల్ కాలేజీల్లో చేర్చడం ఇక్కడ మధ్యతరగతికి ఆనవాయితీ. పేదింటి పిల్లలు అయిదో తరగతి నుంచే గురుకులాల్లో ఉంటారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో ఇంటికి దూరంగా, ఉమ్మడి స్నానాల గదుల్లో, తాళం చెవులు పరాయి పెద్దల చేతుల్లో ఉన్న గదుల్లో పెరిగే ప్రాంతాలు దేశంలో ఎన్నో ఉండవు. ఇక్కడ నమ్మక ద్రోహం అన్నది పుస్తకాల్లో ఉండే మాట కాదు, గడియ సరిగా పడని తలుపు.

11వ సెక్షన్‌కు మరో చిక్కుంది. నేరం వెనక లైంగిక ఉద్దేశం ఉండాలి. తమాషాకు తీశాననో, పగతో పరువు తీయడానికి తీశాననో నిందితుడు చెబితే? నేరపు మనస్తత్వం ఉన్నట్టే కోర్టు భావించాలని, లేదని నిరూపించుకోవాల్సిన భారం నిందితుడిదేనని 30వ సెక్షన్ అంటోంది. కానీ ఆ సెక్షన్ ప్రాణం పోసుకునేది కోర్టులో. స్టేషన్ స్థాయిలో, ‘ఏదో పిల్లకాయల అల్లరి’ అంటూ సర్దిచెప్పే దశలో అది ఎవరికీ గుర్తురాదు. అవమానించడానికి తీసిన వీడియో అయినా, కామంతో తీసిన వీడియో అయినా క్లాసులో తల ఎత్తలేని స్థితి పిల్లలకు ఒకటే కదా.

బెదిరింపుల దగ్గర తేడా ఇంకా విడ్డూరంగా ఉంటుంది. ఫొటో బయటపెడతానని భయపెట్టి పిల్లల దగ్గర పదివేలు గుంజితే అది బలవంతపు వసూలు, న్యాయ సంహిత 308 కింద ఏడేళ్ల దాకా జైలు. అదే ఫొటో చూపించి, డబ్బు అడక్కుండా, ఇంకో ఫొటో పంపమని భయపెడితే పోక్సో 11 కింద మూడేళ్లే. భయపడి ఆ బిడ్డ నిజంగా పంపితే అప్పుడు పెద్ద సెక్షన్లు వస్తాయి. అంటే రెండో ఫొటో వెళ్లకముందే ధైర్యం చేసి ఇంట్లో చెప్పిన బిడ్డ కేసుకు చట్టం తక్కువ విలువ కడుతోంది.

ఇక 15వ సెక్షన్. పిల్లల లైంగిక దృశ్యాలను ఇతరులకు పంపే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుని, తుడిచివేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఉన్నవాడికి మొదటిసారి అయిదు వేలకు తగ్గని జరిమానా. జైలు మాటే లేదు. 2024 సెప్టెంబరు 23న జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ జె.బి.పార్దీవాలా ధర్మాసనం ఈ సెక్షన్‌ను విప్పి చెప్పింది. డౌన్‌లోడ్ చేసి చూసినంత మాత్రాన నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేసింది. ఇలాంటి దృశ్యాలను అశ్లీల చిత్రాలని పిలవడమే తప్పని, వాటిని పిల్లల లైంగిక దోపిడీకి సాక్ష్యాలుగా చూడాలని చెప్పింది. తీర్పు గొప్పదే. ఆ అయిదు వేలను పెంచడం మాత్రం కోర్టు చేతిలో లేదు.

ఇదే దేశంలో 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారం విషయంలో బాధ్యత తప్పిన కంపెనీకి 200 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. పిల్లల చూపు ఏ ప్రకటన మీద నిలిచిందో కనిపెట్టే కంపెనీ మీద ఉన్నంత కోపం, పిల్లల మీదే చూపు నిలిపినవాడి మీద శాసనకర్తలకు లేకపోవడం బాధ కలిగిస్తుంది.

కేసుల సంఖ్య పెరుగుతూనే ఉంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో పిల్లలపై నేరాలు 2022లో 1,62,449. 2023లో 1,77,335. పిల్లలపై సైబర్ నేరాలు 2021లో 1,376 ఉంటే 2022లో 1,823 అయ్యాయి. స్మార్ట్‌ఫోన్ చేరని ఊరు లేని దేశంలో రెండు వేలు కూడా దాటని ఈ చివరి అంకెను ఎవరూ నమ్మరు. బయటకు రాని కేసులే ఎక్కువ.

మిగతా దేశాలు ఏం చేశాయి? కాలిఫోర్నియా శిక్షాస్మృతి చాటుగా చిత్రీకరించడాన్ని చిన్న నేరంగానే చూస్తుంది, మామూలుగా ఆరు నెలల దాకా జైలు. బాధితులు మైనర్లయితే అది ఏడాదికి, జరిమానా రెండు వేల డాలర్లకు పెరుగుతుంది. శిక్ష చిన్నదే కావచ్చు, వయసును లెక్కలోకి తీసుకుంది. 2025 మేలో అమెరికా దేశమంతటికీ తెచ్చిన ‘టేక్ ఇట్ డౌన్’ చట్టం కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీ నగ్న చిత్రాలనూ కలుపుకుని, అనుమతి లేకుండా పోస్టు చేస్తే పెద్దల విషయంలో రెండేళ్లు, మైనర్ల విషయంలో మూడేళ్ల దాకా శిక్ష పెట్టింది. ఫిర్యాదు అందిన 48 గంటల్లో తొలగించాల్సిన బాధ్యతను వేదికల మీద మోపింది. మన 2021 ఐటీ నియమాలు ఈ విషయంలో ముందే 24 గంటల గడువు పెట్టాయని చెప్పుకోవాలి.

దక్షిణ కొరియా అనుభవం అన్నింటికన్నా లోతైనది. టెలిగ్రామ్ గదుల్లో మహిళలను, మైనర్ బాలికలను బెదిరించి, వాళ్ల చేతే వీడియోలు తీయించి అమ్మిన ‘ఎన్త్ రూమ్’ ముఠా 2020లో పట్టుబడింది. ప్రధాన నిందితుడు చో జు బిన్‌కు చివరికి 42 ఏళ్ల శిక్ష ఖరారైంది. కొరియా అక్కడితో ఆగలేదు. అక్రమంగా తీసిన వీడియోలు దగ్గర ఉంచుకోవడాన్ని, చూడటాన్ని నేరం చేసింది. 2021 సెప్టెంబరు నుంచి, మైనర్లపై జరిగే డిజిటల్ లైంగిక నేరాల్లో పోలీసులు మారుపేర్లతో ఆ గదుల్లోకి చొరబడి దర్యాప్తు చేసే వీలు కల్పించింది. 2024లో డీప్‌ఫేక్‌లు చూడటాన్నీ శిక్షార్హం చేసింది. అమ్మేవాడి మీద, చూసేవాడి మీద, దొరకనన్న వాడి ధీమా మీద ఒకేసారి దెబ్బ కొట్టడం ఆ దేశం ప్రత్యేకత.

ఇక స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో అనే చిన్న ఊరు. 2023లో అక్కడ ఇరవై మందికి పైగా అమ్మాయిల మామూలు ఫొటోలను ఒక యాప్‌తో నగ్న చిత్రాలుగా మార్చి వాట్సాప్‌లో తిప్పారు. చేసింది ఎవరని చూస్తే అదే ఊరి అబ్బాయిలు. 2024లో బాలల కోర్టు పదిహేను మందికి ఏడాది పాటు పర్యవేక్షణ, స్త్రీల పట్ల సమభావం మీద, సాంకేతికతను బాధ్యతగా వాడటం మీద తరగతులు శిక్షగా వేసింది. నిందితుల్లో పద్నాలుగేళ్లు నిండనివాళ్ల మీద ఆ దేశ చట్టం ప్రకారం కేసే పెట్టలేదు.

శిక్షల పెంపు గురించి మాట్లాడేవారు ఈ ఊరిని మరవకూడదు. ఈ తరహా నేరాల్లో నిందితుడు చాలాసార్లు బాధితురాలి క్లాస్‌మేటే. 2020లో అమ్మాయిల ఫొటోలు పంచుకున్న ఢిల్లీ అబ్బాయిల ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు వ్యవహారంలోనూ తేలింది అదే. మన బాలల న్యాయ చట్టం ప్రకారం కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉంటే అది హేయమైన నేరం. అలాంటి నేరం చేసిన పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడిని ప్రాథమిక పరిశీలన తర్వాత పెద్దవాడిగా విచారించవచ్చు. ఆవేశంలో ఈ సెక్షన్లన్నింటికీ ఏడేళ్ల కనీస శిక్ష పెట్టామా, పిల్లలను కాపాడటానికి తెచ్చిన చట్టం పిల్లలనే పెద్దల కోర్టుకు పంపే దారి తెరుస్తుంది. కనీస శిక్ష కన్నా తక్కువ వేసే వీలు జడ్జికి ఉండదు కాబట్టి, సందేహం ఉన్న చోట నిర్దోషిగా వదిలేయడమే మిగులుతుంది. నిందితుడు మేనమామో, బాబాయో అయితే ఇంట్లోవాళ్లే ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటారు. పెద్ద శిక్ష ఆ ఒత్తిడిని మరింత పెంచుతుంది.

శిక్ష భారం కన్నా శిక్ష తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని ఇటలీ న్యాయవేత్త బెకారియా 1764లోనే రాశాడు. ఆంధ్రప్రదేశ్‌కు దీని మీద సొంత పాఠం ఒకటుంది. 2019 చివర్లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య తర్వాత, డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. సోషల్ మీడియాలో మహిళలను వేధిస్తే మొదటిసారి రెండేళ్లు, మళ్లీ చేస్తే నాలుగేళ్లు, పిల్లలపై లైంగిక నేరాలకు మరింత కఠిన శిక్షలు, 21 పని దినాల్లో తీర్పు. దిశ పేరుతో స్టేషన్లు వచ్చాయి, యాప్ వచ్చింది. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు.

దర్యాప్తు ఎక్కడ తడబడుతుందో దగ్గరగా చూస్తే శిక్షల చర్చకు అర్థం వస్తుంది. కూతురి వీడియో తిరుగుతోందని తెలిసిన తండ్రి మొదట చేసే పని ఆ వీడియోను తుడిచేయడం, ఆ తర్వాత ఫోన్ నేలకేసి కొట్టడం, ఆ తర్వాత బిడ్డనే కొట్టడం. ఆ క్షణంలో పోయింది పరువు కాదు, సాక్ష్యం. ఏ నంబరు నుంచి వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, ఏ గ్రూపులోకి వెళ్లింది అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. స్టేషన్‌కు వెళ్లాక ఇంకో మెలిక. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. మండల స్టేషన్లు ఎక్కువగా ఎస్సైల చేతుల్లో ఉంటాయి. ఫైలు సర్కిల్ ఆఫీసుకు వెళ్లి, అక్కడ హత్యలు, ప్రమాదాల ఫైళ్ల మధ్య వరుసలో నిలబడుతుంది. స్వాధీనం చేసుకున్న ఫోన్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మరో వరుసలో ఉంటుంది. ఆ నివేదిక, దానితో పాటు సాక్ష్య చట్టం అడిగే ధ్రువీకరణ పత్రం లేకపోతే కోర్టులో వీడియోకు విలువ నిలబడదు. పోక్సో విచారణ ఏడాదిలో పూర్తి కావాలని 35వ సెక్షన్ అంటున్నా సాగేది ఇందుకే.

పైగా ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదన్న 2014 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల నిందితుడికి నోటీసు ఇచ్చి పంపడమే రివాజు. అది సరైన సూత్రమే. కానీ వార్డెన్ నోటీసు తీసుకుని మళ్లీ అదే హాస్టల్‌కు వెళ్లకుండా ఆపే నిబంధన మరోటి ఉండాలి కదా.

బయటికొచ్చిన కేసుల్లో కదలిక ఎలా వస్తుందో కూడా చూడాలి. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు లైవ్‌లో ఒక తండ్రి, చిన్నారి కూతురు ఉన్న మామూలు ఇంటి వీడియో మీద రోత వ్యాఖ్యలు చేశారు. నటుడు సాయిధరమ్ తేజ్ ముఖ్యమంత్రులను, మంత్రులను ట్యాగ్ చేస్తూ నిలదీశాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, బెంగళూరులో అతన్ని అరెస్టు చేసింది. పోలీసులు వేగంగా కదిలారు, మెచ్చుకోవాలి. సినిమా నటుడు అడగని పాపల సంగతే ప్రశ్న. బాధితుల వివరాలు బయటపెట్టకూడదన్న నిబంధన అమలు సంగతి మరీ అధ్వానం. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ మైనర్ బాలికపై అత్యాచారం కేసులో సాక్షాత్తూ ఒక ఎమ్మెల్యే విలేకరుల ముందు ఫొటోలు, వీడియో చూపించి కేసు ఎదుర్కొన్నారు. పోక్సో 23 దీనికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా జరిమానా, లేదా రెండూ చెబుతోంది. ఛానెళ్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు దాన్ని ఏనాడూ లెక్కచేసినట్టు లేవు.

బిడ్డకు ముందు కావలసింది నిందితుడి జైలు కన్నా, ఆ చిత్రం కనబడకుండా పోవడం. ఇందుకు అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌సీఎంఈసీ 2023లో ‘టేక్ ఇట్ డౌన్’ పేరుతోనే ఒక సేవ మొదలుపెట్టింది. చిత్రాన్ని ఎవరికీ పంపనక్కర్లేదు. బిడ్డ ఫోన్‌లోనే ఆ చిత్రానికి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరుస తయారై, అది మాత్రమే సంస్థకు చేరుతుంది. ఒప్పందమున్న వేదికలు తమ దగ్గర ఆ ముద్రకు సరిపోయే చిత్రం కనబడితే తీసేస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్న వాట్సాప్ సంభాషణల్లోకి ఇది చొరబడలేదు. అయినా పద్దెనిమిదేళ్ల లోపు ఏ దేశపు బిడ్డయినా పేరు చెప్పకుండా వాడుకోవచ్చన్న సంగతి మన హైస్కూళ్లలో ఎంతమందికి చెప్పాం? పిల్లల సహాయవాణి 1098 నంబరైనా ప్రతి హాస్టల్ గోడ మీద కనబడుతోందా?

ఇవన్నీ చూశాక, పోక్సోలోనే పిల్లల గోప్యతకు ఒక ప్రత్యేక సెక్షన్ కావాలనిపిస్తుంది. ఆడపిల్లా మగపిల్లవాడా అన్న భేదం లేకుండా, లైంగిక ఉద్దేశం నిరూపించే పని లేకుండా, చాటుగా చూడటం, తీయడం, పంచడం, బెదిరించడం అన్నీ అందులోకి రావాలి. మామూలుగా మూడేళ్ల దాకా శిక్ష ఉండి, పంచినా అమ్మినా ఏడేళ్ల దాకా పెరగాలి. పిల్లల బాధ్యత చేతిలో ఉన్న పెద్దలు చేస్తే, పన్నెండేళ్ల లోపు పిల్లల మీద చేస్తే కనీసం మూడేళ్లు తప్పకూడదు. ఆ కనీస శిక్ష ఏడేళ్లను ఎన్నడూ తాకకూడదు. ఫొటో కోసం బెదిరించడాన్ని డబ్బు కోసం బెదిరించడంతో సమానంగా చూడాలి. పదిహేనో సెక్షన్‌లోని అయిదు వేలు పోవాలి. వసూలైన జరిమానా ఖజానాకు కాక బిడ్డ చదువుకు, కౌన్సెలింగ్‌కు చేరాలి. నిందితుడూ మైనరే అయితే బాలల న్యాయ మండలి దాటి కేసు వెళ్లకూడదు.

ఈ సవరణలకు పార్లమెంటు కావాలి, కాలం పడుతుంది. సైబర్ కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ల నియామకం, పిల్లల కేసుల ఫోన్లకు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ముందు వరుస, కేసు నడుస్తున్నంత కాలం నిందితుడైన సిబ్బందిని పిల్లలకు దూరంగా ఉంచే ఉత్తర్వు, హాస్టల్ స్నానాల గదుల తలుపులు, గడియలు, వెంటిలేటర్ల తనిఖీ మాత్రం హైదరాబాద్, అమరావతి సచివాలయాల పరిధిలో ఉన్న పనులు. వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు వీటికి జీవోలు ఇవ్వవచ్చు.